దాలమ్మ గాజులూ బియ్యం కార్డూ

మే 19, సోమవారం

పొద్దున్నే మొదటి వింత: గ్రామ సచివాలయం బీరువా కింద నుంచి ఒక పీత నడిచి వచ్చింది. ఆఫీసు తనదే అన్నట్టు తీరిగ్గా గది మధ్య దాకా వచ్చి ఆగింది. పృథ్వీరాజ్ కుర్చీలోంచి కదలకుండా దాన్ని చూసి, "దీందీ పెండింగేనమ్మా" అన్నాడు. నేను నవ్వాలని అతని ఆశ. నవ్వలేదు.

ఎదురుగా 'సార్' అంటాను గానీ, ఇది నా పుస్తకం. ఇందులో అతనికి 'గారు' లేదు.

గుల్లపేటకు అతను వెల్ఫేర్ అసిస్టెంటు. ఆఫీసు ఊరికి ఇవతల రోడ్డు పక్కన ఉంది, ఇళ్లన్నీ ఇంకా అవతల, ఒడ్డున. కాలేజీ వాళ్లు ప్రాజెక్టు పేరు చెప్పి ఈ సెలవులకు నన్ను అతని చేతికి అప్పగించారు. బొబ్బిలి పక్కన మా ఊళ్లోనే చేసుకుంటానంటే, "నౌపడలో మీ మేనత్త ఉంది కదా, సముద్రం చూసినట్టుంటుంది" అన్నాడు నాన్న. చూశాను. నౌపడ నుంచి ఉప్పు మడుల గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తే గుల్లపేట కంటే ముందు దాని వాసన ఎదురొస్తుంది.

రిమార్కుల గడిలో పృథ్వీరాజ్ రాసేవి మూడే మాటలు: 'చూడవలెను', 'తేలలేదు', 'పెండింగ్'. నా దగ్గర ఇప్పటికి రెండు పేజీల కొత్త మాటలున్నాయి. ఇవాళ చేర్చినవి: నిరర్హత, సందేహాస్పదం, గోప్యం. గోప్యం నోట్లో వేసుకుంటే పటికబెల్లంలా మెల్లగా కరుగుతుంది.

ఆఫీసు మెట్ల మీద ఒక ముసలామె రోజంతా కూర్చుని ఉంటుంది. పేరు మరిడమ్మ. కొడుకు లక్ష్ముడు కార్తీకంలో వల లాగుతూ బోటు మీంచి సముద్రంలో పడ్డాడు. మళ్లీ దొరకలేదు. కోడలు దాలమ్మ పేరున మూడు దరఖాస్తులున్నాయి: బియ్యం కార్డు, వితంతు పెన్షను, పోయిన మనిషికి ఇచ్చే పరిహారం. ఇదివరకు వీళ్ల పేర్లు లక్ష్ముడి అన్న కార్డులో ఉండేవి. ఆయన సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. కార్డు పోయింది, దాంతోపాటే వీళ్ల బియ్యమూ పోయాయి.

"మా కార్డేటైనాది బాబూ?"

"ముందు పెన్షను తేలనీ మామ్మా. అదొస్తే ఆదాయం కాదేటి? అప్పుడు కార్డు లెక్క మళ్లీ సెయ్యాల. అన్నీ ఒకేపాలి తేల్సీద్దాం."

"పెన్షనెప్పుడు తేల్తాది?"

"సావు సర్టిఫికెట్టొస్తే."

"అదెప్పుడొస్తాది?"

"మనిషి దొరికితే."

ముసలామె తలూపి, కొంగుతో మెట్టు దులుపుకుని మళ్లీ అక్కడే కూర్చుంది. వీళ్లకు కోపమన్నది ఉండదు కాబోలు. కోపం లేనివాళ్ల మీద నాకు జాలి రాదు.

మే 20, మంగళవారం

బియ్యం కార్డు సూచనలన్నీ చదివాను. పృథ్వీరాజ్ వాటిని ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బరువు పెట్టడానికి వాడుతున్నాడు.

అందులో అడిగినవి ఇవీ: నెలకు ఆదాయమెంత, భూమి ఎంత, కారుందా, కరెంటు బిల్లెంత, ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉన్నాడా. ఈ రోజున ఇంట్లో ఉన్న స్థితిని చూడమన్నారు. వేరే దరఖాస్తు తేలేదాకా ఆగమని ఎక్కడా లేదు. ఇంకా చేతికి రాని పెన్షను ఆదాయమెలా అవుతుంది? పొయ్యిలో లేని నిప్పుతో అన్నం ఉడుకుతుందా?

పై వాక్యం నాకు నచ్చింది. రేపు అతని ముందు వాడాలి.

అమ్మ ఫోన్ చేసింది. రేషన్ బియ్యం వచ్చాయట. ఇడ్లీకి కొంచెం ఉంచి మిగతావి కోళ్లకు వేస్తోందట. సన్నబియ్యం అలవాటైన నోళ్లు కదా మావి.

మే 22, గురువారం

వాడాను. పృథ్వీరాజ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు లాయరువా, తెలుగు బీఏవా?"

"ఒక్కో దరఖాస్తును దాని మీదే తేల్చాలి సార్. ఒకదాని తోకకు ఇంకొకటి కడితే మూడూ కదలవు."

"అమ్మా, పదేళ్లుగా చూస్తన్నాను. ఇయ్యాల కార్డిస్తాం, రేపు పెన్షనొస్తాది, ఎల్లుండి ఎవడో ఆడిటని వచ్చి, ఎందుకిచ్చావని నన్నడుగుతాడు. నిన్ను కాదు, నన్ను."

భయం. ఇతని తత్త్వమంతా ఇదే. ఒక జిల్లాలో ఎంతమంది ఆకలి ఇలాంటి భయాల కింద నలుగుతోందో. నేను సూచనల కాగితంలో 'ఈ రోజున ఉన్న స్థితి' అన్న వరస మీద వేలు పెట్టి చూపించాను. అతను చదివాడు, లేదా చదివినట్టు పెదాలు కదిపాడు.

"సరే, నువ్వే ఎల్లి ఇల్లు చూసిరా. చూసింది చూసినట్టు రాసీ. నాను పైకి పంపిస్తాను."

గెలిచాను. మరిడమ్మకు చెప్తే, "మంచిది తల్లీ" అంది. అంతే. ఇంకొంచెం సంతోషించి ఉండొచ్చు.

మే 24, శనివారం

నా మొదటి విచారణ. మొత్తం రాస్తాను.

గుల్లపేట చేరేసరికి బాగా పొద్దెక్కింది. ఇంజన్ బోట్లన్నీ ఇసక మీద వరసగా పడి ఉన్నాయి, ఒక్కటి కూడా నీళ్లలో లేదు. మగవాళ్లందరూ పాక నీడన పేకాటలో ఉన్నారు. ఒకడు బోటుకు నీలం రంగు పూస్తూ, మధ్యలో కునుకుతూ, మళ్లీ పూస్తున్నాడు. మా నాన్న ఈ వేళకు పొలంలో గట్టు చెక్కి, అంబలి తాగి, మళ్లీ దిగి ఉంటాడు. వీళ్లకు ఎదురుగా సముద్రముంది. దున్నక్కర్లేదు, నాటక్కర్లేదు, వెళ్లి తెచ్చుకోవడమే. అదీ చేయరు.

వల అతుకుతున్న నూకయ్య అనే పెద్దాయనను దారి అడిగాను.

"ఏటి పాపా, సర్వేయా?"

"అవును. మీకెవరికీ పని లేదా?"

"ఇప్పుడేటి పనుంటాది? తినీసి తొంగోడమే" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. సిగ్గు లేకుండా.

దాలమ్మ ఇల్లు రేకుల ఇల్లు. ఒకటే గది, ఒకటే బల్బు. గుమ్మం ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. తలెత్తింది. నుదుటి మీద రూపాయి బిళ్లంత కుంకుమ. రెండు చేతులకూ మోచేతి దగ్గర దాకా గాజులు, ఆకుపచ్చవి, ఎర్రవి. చేపలు తిరగేసినప్పుడల్లా గలగలమంటున్నాయి.

వితంతు పెన్షనుకు దరఖాస్తు పెట్టిన మనిషి!

దండెం మీద మగవాళ్ల గళ్ల లుంగీ, అప్పుడే ఉతికింది, నీళ్లు కారుతోంది. లోపల గూట్లో మూతపెట్టిన పళ్లెం.

"అదెవరికి?"

"ఇంటాయనకి."

దాచను కూడా దాచలేదు. నా గొంతు వీలైనంత మామూలుగా పెట్టి అడిగాను. "మీ ఆయన ఉన్నాడా?"

ఆమె చేపలు వదిలి నన్ను చూసింది. "మా ఆయన నేడని ఎవలు సెప్పినారు?"

గుమ్మంలో నాలుగేళ్ల పిల్ల చీపురుపుల్లతో ఇసకలో గీతలు గీస్తోంది. పేరు దుర్గ. "మీ నాన్నెక్కడమ్మా?" అన్నాను.

"అయ్య యేటకెల్లాడు."

తల్లి వింది, కాదనలేదు. ఇంకేమడగాలి? ఆదాయం, భూమి, కరెంటు బిల్లు, ఇవేవీ అడగలేదు. అవసరం లేకపోయింది. చేపల వేటకు వెళ్లే మొగుడిని ఇంట్లో పెట్టుకుని, ముసలిదాన్ని ఏడుపు ముఖంతో ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టారు. నేనేమో వీళ్ల కోసం పృథ్వీరాజ్‌తో పోట్లాడాను. చెంపదెబ్బ తిన్నట్టుంది.

ఇంటికొచ్చి మూడుసార్లు తిరగరాశాను. ఆఖరికి ఇలా కుదిరింది:

"దరఖాస్తుదారు సంపూర్ణ సౌభాగ్య చిహ్నాలతో దర్శనమిచ్చినారు. భర్త వేటకు వెళ్లినట్లు కుమార్తెయే తెలిపినది. కావున వైధవ్యం సందేహాస్పదం, ఆదాయం గోప్యం."

ఆఖరి నాలుగు మాటలూ పైకి చదివితే దరువు వేసినట్టుంది.

మే 25, ఆదివారం

వైధవ్యం సందేహాస్పదం, ఆదాయం గోప్యం.

మే 27, మంగళవారం

పృథ్వీరాజ్ నా రిమార్కు చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అతని వెన్నెముక ఉపయోగం నేను మొదటిసారి చూశాను.

"అబ్బ, ఏం రాశావమ్మా! ఇది నేనైతే జన్మలో రాయలేను."

ఎవరు మెచ్చుకున్నారన్నది కాదు, మెచ్చుకోలు మెచ్చుకోలే. బియ్యం కార్డు దరఖాస్తు కింద పెట్టి పైకి పంపాడు. తరవాత అదే వాక్యాన్ని కాపీ చేసి పెన్షను దరఖాస్తు కిందా, పరిహారం దరఖాస్తు కిందా అంటించాడు. "మూడూ ఒకేపాలి తేలిపోనాయి" అన్నాడు, కడుపు నిండినట్టు.

మూడింటికీ ఒకటే వాక్యం సరిపోయింది. మంచి వాక్యమంటే అదే.

మే 30, శుక్రవారం

బియ్యం కార్డు తిరస్కరించినట్టు వచ్చింది. మిగతా రెండూ అంతే. పృథ్వీరాజ్ చదివి వినిపిస్తుంటే మరిడమ్మ మెట్ల మీంచి లేచి లోపలికి వచ్చింది. 'సౌభాగ్య చిహ్నాలు' అంటే ఏటని అడిగింది. అతను చెప్పాడు.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. నన్నొకసారి చూసి వెళ్లిపోయింది.

దొరికిపోయినవాళ్లు అరవరు.

మెట్టు ఖాళీగా ఉంది. ఆఫీసుకు కాస్త శోభ వచ్చింది.

జూన్ 2, సోమవారం

నేను రాసింది చూసినదే. కల్పించి ఒక్క అక్షరం రాయలేదు.

జూన్ 5, గురువారం

రాత్రి వాన పడింది. ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పడానికి తెల్లారకుండానే మావ వెళ్లిపోయాడు. అత్త రొయ్యలు కొని, వలుస్తూ, అమ్మినదాన్ని తిడుతోంది.

"సూడే యమునా, గుప్పెడు రొయ్యలకి ఎంత సెప్పిందో! బంగారం కొన్నట్టున్నాది. యేట బంద్ కదా, అడిగినోడికే దొరకవు."

"వేట బంద్ ఏమిటత్తా?"

"అయ్యో, ఏటే! చేపలు గుడ్లెట్టే కాలమని గవర్నమెంటోలు ఆపీరు కాదేటి. ఏప్రిల్ మజ్జినుంచి ఇంజన్ బోటు నీట్లో పెడితే పట్టుకుంటారు. మళ్లీ జూను పదేనునే తెరుస్తారు."

"అప్పటిదాకా మగవాళ్లెవరూ వెళ్లరా?"

"ఏ సముద్రంలోకెల్తారే? మీ మావ ఉప్పు మడిలోకా?"

అని తన మాటకు తనే పడి పడి నవ్వింది.

రొయ్యల కూర బాగుంది.

అయితే ఏమిటి? పిల్ల ఏదో అంది, పిల్లలు ఏవేవో అంటారు. కానీ లుంగీ ఉంది. పళ్లెం ఉంది. కుంకుమ ఉంది. నేను చూశాను.

నూకయ్య ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. నా ప్రశ్నకు నవ్వాడన్నమాట. ఆ ముసలాడి పళ్లు!

జూన్ 7, శనివారం

నేను రాసింది చూసినదే.

జూన్ 8, ఆదివారం

ఏప్రిల్ నుంచి బోట్లు ఒడ్డునే ఉన్నాయి. మనిషి వేటకెళ్లింది కార్తీకంలో.

పిల్ల చెప్పింది నిజమే. నాన్న వేటకెళ్లాడు. ఎప్పుడని నేను అడగలేదు.

జూన్ 10, మంగళవారం

ఊరికే సముద్రం చూద్దామని గుల్లపేట వెళ్లాను. అని అత్తకు చెప్పాను. నాకు నేను కూడా అలాగే చెప్పుకున్నాను. సైకిలు మాత్రం నేరుగా దాలమ్మ గుమ్మం ముందే ఆగింది.

పొయ్యి మీద నూకలు ఉడుకుతున్నాయి. గిన్నె చిన్నది, నీళ్లే ఎక్కువ. దుర్గ గరిటె పట్టుకుని పక్కనే కాపలా కూర్చుంది. దండెం మీద అదే గళ్ల లుంగీ, మళ్లీ తడిగా.

"ఇంకేటి సూడ్డానికొచ్చినావు పాపా? బొట్టు ఉన్నాది, గాజులున్నాయి. రాసుకో."

"వేట బంద్ అని నాకు తెలీదు."

"తెలీదా!" ఆమె నిజంగానే వింతపడింది. తరవాత కళ్లలో వెటకారం వచ్చింది. "మీ ఊరోలు వైశాఖంలో వరి ఊడుస్తారేటి?"

నూకయ్య గాని ఇంకెవరు గాని నన్ను అంత మాట అని ఉంటే ఇక్కడ పేజీ నిండా తిరిగి రాసేదాన్ని. రాయడానికి ఏమీ తోచడం లేదు.

"మరి ఆ లుంగీ?" అన్నాను.

"మా కాడ అంతే. శవం ఒడ్డుకి రావాల, నేదంటే పెద్దలు గడ్డి బొమ్మ సేసి కాల్సాల. అందాకా పెళ్లాం గాజులు తియ్యదు, పళ్లెం ఎత్తదు. లుంగీ వారం వారం ఉతకాల. మడతెట్టి దాసీసినామంటే పోనాడని ఒప్పీసుకున్నట్టు. నానెలా ఒప్పుకుంటాను? నా కళ్లతో సూళ్లేదు."

"అలాంటప్పుడు పెన్షనుకెందుకు పెట్టావు?"

"అత్త పెట్టించినాది. ఫొటోకెల్తే మీ సారు బొట్టు తుడుసుకో అన్నాడు. నాను తుడవలేదు. అందుకని అదాగిపోనాది. ఆగితే ఆగనీ అన్నాను. బియ్యానికి బొట్టేటి అడ్డం, ఆటికి మొగుడున్నా ఇస్తారు, నేకపోయినా ఇస్తారు అనీసి ధైర్యంగా ఉన్నాను. నువ్వొచ్చి అదీ ఆపీసినావు."

మొగుడున్నా ఇస్తారు, లేకపోయినా ఇస్తారు.

సూచనల్లో అడిగినవి అయిదు. భర్త బతికున్నాడా అన్నది వాటిలో లేదు. మే 20న నా చేత్తో నేనే రాసుకున్నాను, ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను. లక్ష్ముడు ఆ రోజు గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తూ కనబడినా సరే, ఆ ఇంటికి బియ్యం రావాలి. ఒకదాని తోకకు ఇంకొకటి కట్టొద్దని పృథ్వీరాజ్‌కు పాఠం చెప్పి, ఆ ముడి నేనే వేశాను. అతనికి మూడు మాటలే వచ్చు కాబట్టి అతని ముడి వదులుగా ఉండేది.

"నేను సరిచేస్తాను" అన్నాను.

"నువ్వింకేటీ రాయకు పాపా" అంది దాలమ్మ, గిన్నె దించుతూ.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి, కోళ్లకు ఏం వేస్తున్నావని అడిగాను. "ఎందుకే?" అంది. ఊరికే అన్నాను.

జూన్ 11, బుధవారం

కొత్త మాటల పేజీలో 'గోప్యం' కొట్టేశాను. కాగితం చిరిగింది.

జూన్ 13, శుక్రవారం

రెండు రోజులు పృథ్వీరాజ్ టెక్కలి మీటింగులని రాలేదు. ఇవాళ వచ్చాడు. సార్, నేను తప్పు రాశాను అన్నాను. వేట బంద్ సంగతి, లుంగీ సంగతి, అన్నీ చెప్పాను.

"బంద్ సంగతి నీకు తెలీదా? తెలిసే రాశావనుకున్నాను. ఏదో దొంగతనంగా తెప్పేసుకుని ఎల్తన్నాడు కాబోలనుకున్నాను."

"మీరు ఇక్కడివారే కదా సార్. లక్ష్ముడు పోయాడని మీకు తెలీదా?"

అతను కంప్యూటర్ స్క్రీను నావైపు తిప్పాడు. "వాక్యం బాగుందమ్మా. అంత బాగా రాసినదాన్ని ఏటడుగుతాం?"

ఇతన్ని తిట్టడానికి నా రెండు పేజీల్లోంచి ఒక్క మాటా రాలేదు. ఏరుకున్నవన్నీ నాకే అతికినట్టు సరిపోతున్నాయి.

తరవాత, టీ చప్పరిస్తూ, శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. "నువ్వేటీ బాధపడకు. అన్నీ తేలిపోతాయి. నిన్న మరిడమ్మ ఫోన్ చేయించింది. ఆదివారం పొద్దున్న బోట్లు నీట్లోకి దిగకముందే పెద్దలు బొమ్మ కాలుస్తారట. కోడలు గాజులు తీసీస్తాది, సోమవారమొచ్చి పెన్షనుకి మళ్లీ దరఖాస్తెట్టి ఫొటో తీయించుకుంటాది. ఇక బొట్టూ లేదు, సందేహమూ లేదు. నీ రిమార్కు దెబ్బకి కదిలారమ్మా."

"బియ్యానికి అదంతా అక్కర్లేదు సార్!"

"పెన్షనుకి కావాల కదా."

"బొమ్మ కాలిస్తే సర్టిఫికెట్ ఇస్తారా?"

"అదివ్వరనుకో."

"మరి పెన్షను?"

"పెండింగ్" అన్నాడు.

అంటే గాజులు పోతాయి, పెన్షను రాదు. బియ్యానికి గాజులతో పనే లేదు. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేను.

కార్డుకు అప్పీలు ఉందట. కొత్త విచారణ కాగితం, దరఖాస్తుదారు వేలిముద్ర ఉంటే సోమవారమే పైకి వెళ్తుంది. వేలిముద్ర మెషిను ఇవ్వమని అడిగాను. నా ముఖంలో ఏం చూశాడో, సొరుగులోంచి తీసి ఇచ్చాడు. "ఉప్పునీళ్లు తగలనీకు. నా జీతంలోంచి కోస్తారు."

జూన్ 14, శనివారం

మధ్యాహ్నం మెషిను పట్టుకుని గుల్లపేట వెళ్లాను. ఒడ్డంతా హడావిడి. బోట్లకు పసుపు రాస్తున్నారు, ఐసు దింపుతున్నారు, వలలు ఎక్కిస్తున్నారు. రెండు నెలలు ఇంట్లో ఉన్న మగవాళ్లు పెళ్లివారిలా తిరుగుతున్నారు. ఒక్కడూ కునకడం లేదు. కొంచెం దూరంలో నూకయ్య మాత్రం ఒంటరిగా కూర్చుని ఎండుగడ్డి తాడుతో చుడుతున్నాడు. ఏమిటని అడగలేదు. చేతులూ కాళ్లూ అప్పటికే వచ్చాయి.

దాలమ్మ ఇంట్లో లేదు. బొమ్మ కాల్చే ముందురోజు కన్నవాళ్లింట్లో ఉండాలట, తెల్లారకుండా వాళ్లే తీసుకొస్తారట. దండెం ఖాళీగా ఉంది. లుంగీ మడతపెట్టి మరిడమ్మ ఒళ్లో ఉంది.

"మామ్మా, బియ్యం కోసం ఇదంతా చెయ్యక్కర్లేదు."

"నువ్వే కదా రాసినావు. ఉన్నాడంటే బియ్యం నేవు. పోనాడంటే ఉన్నాయి. సరే, పోనాడు."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, కొడుకును ఇప్పుడే చెయ్యి పట్టుకుని సముద్రంలోకి దింపి వచ్చినట్టుంది. వీళ్లకు కోపం లేదని ఏ రోజు రాశానో వెతికి చూడదలచుకోలేదు.

"నేను తప్పు రాశాను. ఆయన ఉన్నా లేకపోయినా బియ్యం ఇవ్వాలి. అలాగే ఉంది రూల్లో."

"నోటితో సెప్తన్నావు. ఆ రోజు కాగితమ్మీద రాసినావు. కాగితమ్మీద రాసిందే ఇంటారు మీవోలు." లుంగీ అంచు సరిచేసుకుంది. "రాసి తే. పెద్దలకి సదివి ఇనిపించు. నాను సూద్దును."

"దాలమ్మ వింటుందా?"

"అది బొమ్మొద్దని మూడు పూటలు అన్నం మానీసినాది. దానికేటి సెప్పక్కర్నేదు. నన్నొప్పించు."

అందుకని ఇంటికి వచ్చీరాగానే కూర్చుని రాశాను. ఈసారి ఒక్కసారికే కుదిరింది:

"ఈ ఇంట్లో ముగ్గురున్నారు: దాలమ్మ, అత్త, కూతురు. ఒక గది, ఒక బల్బు. భూమి లేదు. కారు లేదు. ఉద్యోగం లేదు. ఎండుచేపలు అమ్మితే వచ్చేదే ఆదాయం. పెన్షను రాలేదు, పరిహారం రాలేదు. రానివి లెక్కలోకి తీసుకోకూడదు. భర్త గురించి ఈ కార్డుకు అడగక్కర్లేదు. బియ్యం ఇవ్వాలి. ఇంతకుముందు రాసిన రిమార్కు తప్పు. రాసినది నేనే. యమున."

చదివితే దరువేమీ రాలేదు. మా అత్తకు వినిపించాను. "ఇందులో అర్థం కానిదేటీ లేదే" అంది, కొంచెం నిరాశగా.

సోమవారం అప్పీలు వెళ్తుంది, వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలీదు. లక్ష్ముడు పోయాడో లేదో ఆ ఇంటివాళ్లు వాళ్లకు తోచినప్పుడు తేల్చుకుంటారు. రేపే తేల్చాలని తొందరపెట్టింది నేను, నా నాలుగు మాటలూ. వాటిని దాలమ్మ గాజులు తియ్యకముందే వెనక్కి తీసుకోవాలి.

రేపు పొద్దున్న: అత్త లేవకముందే బయల్దేరాలి. సైకిలుకు గాలి కొట్టించాను. మెషిను రెండు కవర్లలో చుట్టాను, ఫోను చార్జింగులో ఉంది. వానకు మడుల గట్టు జారుతుంది కాబట్టి రోడ్డు మీదుగానే వెళ్లాలి. మరిడమ్మను ముందు కలవాలి, ఆమెను తీసుకుని ఊరి మొదట్లో నిలబడాలి, దాలమ్మ బోట్ల దాకా రాకముందే. క్షమాపణలు మొదలుపెట్టకూడదు, నాకు మాటలు పెరిగిపోతాయి. కాగితం చదవాలి, పెద్దలు వినేలా, గట్టిగా, ఒకసారి. వెంటనే వేలిముద్ర వేయించాలి. గాజులున్న చేత్తోనే.